పై ఊళ్ళో ఖాళీ ఇల్లు లేదు

ఈ ఏడాది చివరికల్లా దేశంలో తరిగిపోయే ఊరనేది ఒక్కటి కూడా మిగలదని గ్రామ సమతుల్య శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఎలా మిగలదో వారు చెప్పలేదు. చెప్పమని ఎవరూ అడగలేదు కూడా. అంత పెద్ద చప్పట్ల మధ్య ప్రశ్నలడగడం మర్యాద కాదు.

"కొన్ని ఊళ్ళు పెరుగుతున్నాయి, కొన్ని ఊళ్ళు తరుగుతున్నాయి. ఇది పచ్చి అన్యాయం," అన్నారు మంత్రిగారు టీవీలో, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ఇకనుంచి పెరిగే ఊళ్ళ దగ్గర తీసి తరిగే ఊళ్ళకి పెడతాం. ఏది పెరుగుతోందో, ఏది తరుగుతోందో తేల్చడానికి మనుషుల్ని పంపం. మనుషులు వెళ్తే టీ తాగుతారు. టీ తాగితే మొహమాటపడతారు. అందుకే ఉపగ్రహాన్ని పెట్టాం. అది రాత్రిపూట పైనుంచి ఫోటో తీస్తుంది. వెలుగున్నచోట అభివృద్ధి ఉన్నట్టు, లేనిచోట లేనట్టు. ఉపగ్రహం టీ తాగదు!"

ఆ చివరి ముక్క మర్నాడు పేపర్లన్నిట్లోనూ పెద్దక్షరాల్లో వచ్చింది.

గుట్ట మీదున్న పై ఊళ్ళో ఈ ప్రకటనని ఊరు ఊరంతా ప్రెసిడెంటుగారి ముందుగదిలో కూర్చుని విన్నది. ఒకప్పుడు ఊరంతా కూర్చోవాలంటే బడి ఆవరణ చాలేది కాదు. ఇప్పుడు ముందుగదిలో కూర్చుంటే ఇంకా రెండు కుర్చీలు మిగులుతున్నాయి. వాటి మీద ప్రెసిడెంటుగారు కాళ్ళు చాపుకుంటారు.

"మన కష్టాలు తీరినట్టే," అన్నారు ప్రెసిడెంటుగారు. మంత్రిగారి పార్టీలో ఆయన చాలాకాలంగా నమ్మకంగా పనిచేస్తున్నారు. కష్టాలు తీరినట్టేనని ఇలా చాలాసార్లు అన్నారు కూడా. "తరిగే ఊరంటే మనకన్నా తరిగిన ఊరేది? అడగకుండానే అన్నీ వస్తాయి, చూస్తూండండి."

"ఉన్న బస్సు ఉంటే చాలు," అంది తాళాల అత్త.

అత్త బట్టలు కుడుతుంది. ఆ పేరు మాత్రం కుట్టుపనివల్ల రాలేదు, నడుముకి వేలాడే తాళాల గుత్తివల్ల వచ్చింది. పై ఊళ్ళో ఎవరు ఊరొదిలి వెళ్ళినా ఇంటి తాళంచెవి తెచ్చి అత్త చేతిలో పెడతారు. ఈ అలవాటు తాపీమేస్త్రీ భార్యతో మొదలైంది. ఆవిడ సామాను బండెక్కించి, మళ్ళీ దిగి వచ్చి, "అత్తా, పొద్దుగూకితే మా ఇంట్లో ఒక్క లైటు వెయ్యవే. చీకటి ఇల్లు చూస్తే దిక్కులేని కొంప అనుకుంటారు. మళ్ళీ వచ్చేవాళ్ళమేగా," అంది. బిల్లు మేమే కట్టుకుంటామని కూడా చెప్పి మరీ వెళ్ళింది. తర్వాత వెళ్ళినవాళ్ళు కూడా అదే మాట చెప్పి తాళాలిచ్చారు. వాళ్ళెవరూ ఇంకా తిరిగి రాలేదు.

అత్త మాత్రం మాట తప్పలేదు. పొద్దుగూకగానే మిషను మీద గుడ్డ కప్పి, వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒక్కో ఇల్లూ తీసి, ఒక్కో లైటూ వేసుకుంటూ వచ్చేది. పొద్దున్నే మళ్ళీ వెళ్ళి ఆర్పి, కిటికీలు తెరిచి, గదుల్లో గాలాడనిచ్చేది. ఇందులో ఒక చిత్రం ఉంది. మనుషులున్న ఇళ్ళల్లో అన్నం తినగానే లైట్లార్పి పడుకుంటారు. మనుషుల్లేని ఇళ్ళల్లో మాత్రం తెల్లవార్లూ వెలుగుతాయి. అందుచేత ఊరు ఖాళీ అయ్యేకొద్దీ ఊళ్ళో వెలుగు పెరుగుతూ వచ్చింది. ఈ సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే అప్పటిదాకా ఎవరూ ఊరిని పైనుంచి చూడలేదు.

బస్సు మాట అత్త ఊరికే అనలేదు. ఆ బస్సు పొద్దున పై ఊరినుంచి గుట్ట దిగి కింది ఊరికి వెళ్తుంది. సాయంత్రం గుట్టెక్కి తిరిగొస్తుంది. కింది ఊరు పెద్దరోడ్డు పక్కన ఉంటుంది. అక్కడ ఏదో కంపెనీ పెద్ద గోడౌన్ కట్టినప్పటినుంచీ ఊరు పొంగిపోతోంది. అత్త అక్కడి బడిపిల్లలకి యూనిఫారాలు కుడుతుంది. బట్టల మూటతో పొద్దున దిగి, కొలతలు తీసుకుని సాయంత్రం ఎక్కుతుంది.

మేనకోడలు కాపరం కూడా కింది ఊళ్ళోనే. మొగుడు గోడౌన్లో పని చేస్తాడు. వాళ్ళుండేది ఒకప్పటి పశువుల కొట్టం. దాన్ని ఇంటాయన అడ్డగోడలు పెట్టి ఆరు గదులు చేసి అద్దెకిచ్చాడు. ఒకవైపు గోడ పైదాకా కట్టలేదు కాబట్టి వాటిని గాలివాటం గదులంటాడు, ఆ గాలికి అద్దె కూడా కలుపుతాడు. కింది ఊళ్ళో మెట్ల కింద మనుషులు, మేడల మీద మనుషులు, దుకాణాల అరుగుల మీద మనుషులు. బడిలో పంతులు హాజరు పిలవడం పూర్తయ్యేసరికి ఇంటిబెల్లు కొట్టేస్తారు. ఇక కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు. ఊరి ట్రాన్స్‌ఫార్మరు అంత జనాన్ని మోయలేక సాయంత్రమయ్యేసరికి చేతులెత్తేస్తుంది. ఎత్తనిరోజు ఇంటాయనే మెయిన్ ఆపేస్తాడు.

"అత్తా, నేను కాళ్ళు చాపుకుని పడుకుని ఎన్నాళ్ళయిందో!" అంది మేనకోడలు ఒకరోజు, మూటలోంచి చొక్కాలు తీసిస్తూ. "ఈయన చాపితే నేను ముడుచుకోవాలి. నేను చాపితే పిల్లలు లేచి కూర్చోవాలి. అందరం ఒకేసారి పడుకోవాలంటే ముందే మాట్లాడుకోవాలి."

"పైకొచ్చెయ్యండే. మేస్త్రీ ఇల్లు ఖాళీగా ఉంది. మూడు గదులు, వెనక పెరడు. నేను ఫోన్ చేసి అడిగాను. అద్దె వద్దన్నాడు, దీపం పెడితే చాలన్నాడు."

"మరి ఈయన పనో?"

"బస్సుందిగా! పొద్దున దిగి సాయంత్రం ఎక్కేస్తాడు. మీరొస్తే మీ వెనక ఇంకో నలుగురొస్తారు. పక్కగది లారీ డ్రైవరు కూడా అడుగుతున్నాడన్నావుగా?"

మేనకోడలు మొగుడు అంతా విని, "బస్సు మాత్రం ఖాయమేనా అత్తయ్యా?" అన్నాడు. అతను మాట్లాడటమే తక్కువ, మాట్లాడితే అసలు సంగతే మాట్లాడతాడు.

"నా కళ్ళముందు పుట్టిన బస్సురా! అదెక్కడికి పోతుంది?" అంది అత్త.

బడులు తెరిచేనాటికి వచ్చేద్దామనుకున్నారు. అత్త మేస్త్రీ ఇల్లు కడిగింది, కిటికీలకి తెరలు కుట్టింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఊళ్ళోంచి వెళ్ళే సామాను కాకుండా ఊళ్ళోకి వచ్చే సామాను చూడబోతున్నానని ఆవిడ పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. కనబడ్డవాళ్ళకల్లా చెప్పింది. కనబడేవాళ్ళు తక్కువ కాబట్టి ఒక్కొక్కళ్ళకి రెండేసిసార్లు చెప్పింది.

సరిగ్గా అప్పుడే గణాంకాల ఆఫీసరు జీపు దిగాడు. వెనక మిఠాయి డబ్బా ఒకటి, బోర్డు ఒకటి దిగాయి. కుర్రవాడు, మర్యాదస్తుడు. టీ ఇస్తే చేతులు జోడించి వద్దన్నాడు.

"అభినందనలు!" అన్నాడు ప్రెసిడెంటుగారి చెయ్యి పట్టుకుని ఊపేస్తూ. "ఉపగ్రహం లెక్క ప్రకారం మీది వేగంగా ఎదుగుతున్న ఊరు. ఈ చుట్టుపక్కల మీదే రెండో స్థానం."

ప్రెసిడెంటుగారు ముందు మిఠాయి డబ్బా వంక చూశారు. చూశాక, "మొదటిదెవరిది?" అన్నారు.

"జైలుది. అక్కడ తెల్లవార్లూ లైట్లుంటాయి కదండీ. దాన్ని మనం అందుకోలేం."

"మరి కింది ఊరు?"

"పాపం, దాని సంగతేం చెప్పమంటారు!" ఆఫీసరు నిజంగానే బాధపడ్డాడు. "సాయంత్రమైతే కటిక చీకటి. మనుషుల ఆనవాలు లేదు. తొందరగా ఆదుకోకపోతే ఆ ఊరు దక్కదు."

ఇక్కడికి వస్తూ కింది ఊళ్ళోంచి జీపు బయటపడటానికి అతనికి ఒక పూట పట్టింది. జనం అడ్డం వచ్చారు. అయినా కళ్ళతో చూసినదాన్ని పట్టుకుని శాస్త్రాన్ని కాదనేంత తొందరపాటు మనిషి కాదు.

బోర్డు ఊరి మొదట్లో పాతారు. మిఠాయి పంచారు. ఆ తర్వాత ఆఫీసరు ఎదిగిన ఊరికి వర్తించే నిబంధనలు చదివాడు. ఎదిగిన ఊరికి ఇంకా ప్రభుత్వ బస్సు నడపడమంటే ఆ ఊరిని అవమానించడం కిందికి వస్తుంది. కాబట్టి రేపటినుంచి ఆ బస్సు తరిగిపోతున్న కింది ఊరికి. ఎదిగిన ఊళ్ళో చిన్నబడి ఉండకూడదు. కాబట్టి పై ఊరి బడిని ఇప్పటినుంచే హైస్కూలు చేశారు.

పై ఊరి బడిలో అప్పటికి ముగ్గురు పిల్లలున్నారు. పోయినేడు ముగ్గురికీ ర్యాంకులొచ్చాయి, మొదటిది, రెండోది, మూడోది. ముగ్గురూ చిన్న తరగతులవాళ్ళే. హైస్కూల్లో వాళ్ళు కూర్చోదగ్గ తరగతి లేకపోవడంతో ఆ మూడిళ్ళవాళ్ళూ సామాను సర్దుకున్నారు. మూడు తాళాలు అత్త గుత్తిలో చేరాయి. ఆ రాత్రి ఊళ్ళో వెలుగు మరికాస్త పెరిగింది.

బస్సు కింది ఊరికి వెళ్ళింది కానీ ఊళ్ళోకి వెళ్ళలేకపోయింది. వీధుల్లో దూరే సందు లేదు. ఊరి మొదట్లో ఆగిపోయి, మూడ్రోజులు హారన్ కొట్టి, ఊరుకుంది. వారం తిరక్కుండా వెనక సీట్లలో ఒక సంసారం చేరింది. ముందు సీట్లవాళ్ళు తర్వాత వచ్చారు. మధ్యలో బట్టలారేసుకునే తాడు కట్టారు. వీటితోపాటు కింది ఊరికి తరుగుదల నివారణ సాయం కూడా అందింది. అంటే ఒక మైకు బండి పెద్దరోడ్డు మీద తిరుగుతూ, రండి బాబూ రండి, కింది ఊరికి వచ్చి స్థిరపడండి, ఊరిని నిలబెట్టండి అని జనాన్ని పిలుస్తూ ఉంటుంది.

మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, మరి మేమెలా రావడమే?" అంది. "తెరలు కుట్టేశానే," అంది అత్త. 

మర్నాడు అత్త బట్టల మూట నెత్తిన పెట్టుకుని కాలినడకన గుట్ట దిగి, ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఆ లైట్లు వేసేది నేనే."

"ఏ లైట్లమ్మా?"

"మా ఊళ్ళోవి. ఆ ఇళ్ళల్లో ఎవరూ లేరు. చీకటిగా ఉంటే బావుండదని నేనే వేస్తాను. కావాలంటే ఇవిగో తాళాలు."

ఆఫీసరు తాళాల వంక చాలాసేపు చూశాడు. మర్యాదస్తుడని ముందే చెప్పాను. లేచి కుర్చీ జరిపి ఆవిణ్ణి కూర్చోమన్నాడు. "అంటే మనుషులు లేకుండానే లైట్లున్నాయంటారు."

"అవును బాబూ."

"కానీ మేం ఫోటో తీసింది మనుషుల్ని కాదమ్మా, వెలుగుని. ఆ లెక్కకి ఫోటోలో తప్పేం లేదు." కాసేపు గోడ వంక చూసి గొంతు తగ్గించాడు. "ఒక పని చెయ్యండి. లైట్లు మానెయ్యండి. ఉపగ్రహం మళ్ళీ ఫోటో తీస్తుంది. చీకటి కనబడితే మీరు తరిగిన ఊరైపోతారు. బస్సు దానంతటదే వచ్చేస్తుంది. నేను చెప్పానని మాత్రం అనకండి."

అత్త ఇంటికొచ్చింది. పొద్దుగూకింది. మిషను మీద గుడ్డ కప్పి అలవాటుగా లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. వీధిలోకి చీకటి అంచెలంచెలుగా వచ్చింది, మేస్త్రీ ఇల్లు పోయింది, వడ్రంగి ఇల్లు పోయింది, కవలపిల్లల ఇల్లు పోయింది. మిగిలిన గుప్పెడుమందీ గుమ్మాల్లోకొచ్చి నిలబడ్డారు.  పోస్టు తాత ఒక్కడే కర్ర తాటించుకుంటూ వచ్చాడు. ఆయన పూర్వం ఉత్తరాలు పంచేవాడు, ఇప్పుడు ఉత్తరాలూ లేవు, పంచడానికి మనుషులూ లేరు.

"ఏమే అత్తా, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది తాతా."

"మరి దీపాలో?"

"బస్సు కోసం ఆర్పేశాను."

"నీ బస్సు బంగారంగానూ! ఇన్నాళ్ళూ వాళ్ళెక్కడికో వెళ్ళారనుకుంటున్నాను కదే," అన్నాడు తాత. "ఇవాళ పోయారనిపిస్తోంది."

అత్తకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా, చీకట్లో దాచుకోవాల్సిన పనేముంది. మేనకోడలు కాళ్ళు చాపుకుని పడుకుంటే చాలు, అప్పుడు మళ్ళీ అన్నీ వెలిగించుకోవచ్చని మనసుకి సర్దిచెప్పుకుంది.

మర్నాడు ప్రెసిడెంటుగారి ఫోను ఊరుకోలేదు. మధ్యాహ్నానికి ఆఫీసరు జీపులో ఉరుకులు పరుగుల మీద వచ్చాడు.

"ఏం చేశారండీ ఇది!" అన్నాడు. "ఒక్క రాత్రిలో ఊరు మాయమైపోయింది! పైన అందరూ కంగారుపడుతున్నారు. వరదలా, భూకంపమా అని అడుగుతున్నారు. మంత్రిగారు మీ ఊరి ఫోటో ఫ్రేము కట్టించుకుని గోడకి పెట్టుకున్నారు తెలుసా? పై వారం పరాయిదేశాల పెద్దలు మీ ఊరు చూడటానికి వస్తున్నారు తెలుసా?"

"ఆర్పమని మీరేగా..." అంది అత్త.

"నేను చెప్పానని అనొద్దన్నాను కదమ్మా," అన్నాడు ఆఫీసరు ఏడుపుగొంతుతో.

సంగతంతా మంత్రిగారికి చేరింది. ఇంకొకరైతే కోపగించుకునేవారు. మంత్రిగారు కోపగించుకోలేదు. ఇంత పెద్ద అభివృద్ధి ఒక ఆడమనిషి చేతుల మీద ఆధారపడి ఉండటం ఆవిడకే భారమని జాలిపడ్డారు. దీపాలు వాటంతటవే వెలిగి, వాటంతటవే ఆరే ఏర్పాటు చెయ్యమన్నారు. ఇంటికో టైమరు. ఖర్చు ప్రభుత్వానిది, తెల్లవార్లూ వెలిగే కరెంటు కూడా ప్రభుత్వానిదే. బిగించడానికి మనుషులొచ్చారు. ఇళ్ళకి తాళాలున్నాయి. తాళాలు అత్త నడుముకున్నాయి.

"ఇవ్వను," అంది అత్త.

"అలా అనకే, పార్టీ పరువు," అన్నారు ప్రెసిడెంటుగారు.

"నా బస్సు నాకిస్తే తాళాలిస్తాను."

ఆఫీసరు బతిమాలాడు, ప్రెసిడెంటుగారు బెదిరించారు, ఆ తర్వాత ఆయన కూడా బతిమాలారు. చివరికి సాక్షాత్తూ మంత్రిగారే ఫోన్లో మాట్లాడారు. అంత పెద్దమనిషి గొంతు అంత మెత్తగా ఉంటుందని అత్త అనుకోలేదు.

"చెప్పండమ్మా, మీకేం కావాలి?"

"బస్సు కావాలయ్యా."

"బస్సేనా! నేనింకా ఏదో అనుకున్నాను. ఇచ్చేశాననుకోండి."

అత్త ఇచ్చేశారనే అనుకుంది. నడుమునుంచి గుత్తి తీసి ఆఫీసరు చేతిలో పెట్టింది. దాని బరువుకి అతని చెయ్యి కాస్త కిందికి దిగింది. ప్రతి ఇంట్లోనూ టైమరు బిగించారు. మనుషులున్న ఇళ్ళల్లో వద్దంటే విన్లేదు, అన్నిటికీ ఒకే పద్ధతి ఉండాలన్నారు. ప్రెసిడెంటుగారికి ఈ ఏర్పాటు ఎంత నచ్చిందంటే, "ఇంక నేనిక్కడ లేకపోయినా ఊరు నడుస్తుంది," అని చెప్పి పట్నంలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. బడిపిల్లల కుటుంబాలు అప్పటికే వెళ్ళాయి. మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే గుట్ట దిగారు. చివరికి పోస్టు తాతని మనవరాలొచ్చి తీసుకెళ్ళింది. తాత వెళ్తూ వెళ్తూ, అత్త నడుముకి గుత్తి కనబడక, తాళం ఎవరికివ్వాలో తోచక తలుపుకే వదిలేశాడు.

అత్త మాత్రం కదల్లేదు. మాటిచ్చింది మంత్రిగారు. మేస్త్రీ ఇంటి ముందు రోజూ ఊడ్చింది. మేనకోడలికి ఫోన్ చేసి సామాను కట్టుకోమంది.

ఆ పై వారం ఒక సాయంత్రం బస్సు నిజంగానే వచ్చింది. గుట్ట మలుపులో దాని చప్పుడు వినగానే అత్త పోల్చుకుంది, పరుగెత్తుకుంటూ ఊరి మొదటికి వెళ్ళింది. అదే బస్సు. కొత్త రంగు వేశారు. లోపల కాపురముంటున్నవాళ్ళని ఆ పూటకి దింపేసినట్టున్నారు, బట్టల తాడు మాత్రం అలాగే ఉంది. ముందు సీట్లో మంత్రిగారు, వెనక పరాయిదేశాల పెద్దలు, దుబాసీ, ఆఫీసరు. మేనకోడలు లేదు.

బస్సు వీధిలోకి నెమ్మదిగా వచ్చేసరికి పొద్దుగూకింది. టైమర్లు టిక్కుమన్నాయి. ఊరంతా ఒక్కసారిగా వెలిగింది. అత్త ఎన్నేళ్ళు తిరిగినా ఒక్కో ఇల్లే వెలిగేది, ఇలా ఊరంతా ఒకేసారి వెలగడం టైమర్లొచ్చాకే చూసింది. పరాయిదేశాల పెద్దలు చప్పట్లు కొట్టారు. ఒకాయన దిగబోయాడు.

"వద్దు వద్దు," అన్నారు మంత్రిగారు. "అందరూ అన్నాలు తినే వేళ. ఇబ్బంది పెట్టడం బాగుండదు."

"వీధిలో మనుషులు కనబడరేమని అడుగుతున్నారండీ," అన్నాడు దుబాసీ.

"ఇళ్ళల్లో ఉన్నారు! ఎదిగిన ఊళ్ళో ఎవరింట్లో వాళ్ళుంటారు. కింది ఊళ్ళో చూశారుగా, వీధులనిండా జనమే. పాపం, తరిగిన ఊరంటే అదీ!" మంత్రిగారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మేస్త్రీ ఇంటికి ఊపారు. వడ్రంగి ఇంటికి ఊపారు. ప్రెసిడెంటుగారి ఇంటికి కాస్త ఎక్కువసేపు ఊపారు, పార్టీ మనిషి కదా. అత్త కుట్టిన తెర గాలికి కదిలితే, "చూశారా, వాళ్ళూ ఊపుతున్నారు," అన్నారు.

బస్సు వీధి చివర తిరుగుతుంటే అత్త డ్రైవరు కిటికీ పట్టుకుంది. డ్రైవరు పాతవాడే.

"రేపు పొద్దున ఎన్నింటికి వస్తావురా?"

డ్రైవరు వెనక్కి చూసి, గొంతు తగ్గించి, "పైకి ఆర్డరు ఈ ఒక్క పూటకేనత్తా. మళ్ళీ కింది ఊళ్ళో పెట్టెయ్యమన్నారు," అన్నాడు.

అత్త మంత్రిగారి వంక చూసింది. మంత్రిగారు ఆవిడ వంక చూసి చల్లగా నవ్వారు. "బస్సొచ్చిందామ్మా? సంతోషమేనా?"

అత్త అక్కడే ఉన్న తన ఇంటి గుమ్మమెక్కింది. లోపలికి వెళ్ళి మిషను తల ఊడదీసి గుడ్డలో చుట్టింది, నాలుగు బట్టలు మూటగట్టింది. ఆ బస్సు కూడా వెళ్ళిపోతే గుట్ట మీద తనూ, టైమర్లూ మిగులుతారు. తలుపు చేరేసి, మిషను చంకనెత్తుకుని బస్సెక్కింది. ఒక పెద్దాయన జరిగి చోటిచ్చాడు. ఇంత మంచి ఊరొదిలి ఎక్కడికని దుబాసీ చేత అడిగించాడు.

"చుట్టాలింటికి, రెండు రోజులు చూసి రావడానికి," అన్నారు మంత్రిగారు, అత్త నోరు తెరిచేలోపలే.

కింది ఊరి మొదట్లో అందరూ దిగి కార్లెక్కి వెళ్ళిపోయారు. డ్రైవరు బస్సుని పాత చోట నిలబెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని, "దిగవా అత్తా?" అన్నాడు.

అత్త దిగి మేనకోడలి గది దాకా వెళ్ళింది. గుమ్మంలో కట్టిన సామాను మూటలున్నాయి. మూటలు అడ్డంగా ఉండటంతో పిల్లలు కూర్చునే నిద్రపోతున్నారు. మేనకోడలు అత్తని చూసి లేవబోయింది, లేవడానికి చోటు లేక కూర్చునే, "రా అత్తా," అంది. గదిలో మిషను పెట్టే చోటు కూడా లేదు. అత్త తిరిగి బస్సు దగ్గరికి వచ్చింది. దింపినవాళ్ళు అప్పటికే మళ్ళీ ఎక్కి సర్దుకున్నారు. వాళ్ళు మంచివాళ్ళు. మధ్యలో కిటికీ పక్క సీటు అత్తకి, మిషనుకి వదిలారు.

కాసేపటికి కింది ఊళ్ళో కరెంటు పోయింది. బస్సంతా చీకటి. పైన గుట్ట మీద మాత్రం దీపాలు బారులు తీరి వెలుగుతున్నాయి. వెనకసీటాయన తాడు మీది బట్టలు పక్కకి జరిపి ముందుకి వంగాడు. ఆయన గోడౌన్ మనిషి, ఆయన భార్యకి నెలలు నిండుతున్నాయి.

"ఏమమ్మా, మీరు పైనుంచే వచ్చారుటగా. నాకూ అక్కడికి వెళ్ళి ఉండాలనుంది. కానీ ఒక్క ఇల్లు కూడా ఖాళీ లేదటగా?"

అత్త కిటికీలోంచి చూసింది. వీధి చివర, మిగతావాటికి కాస్త ఎడంగా ఒక దీపం ఉంది. అది ఆవిడ ఇల్లే. చెయ్యి దానంతటదే నడుం దగ్గరికి వెళ్ళి, అక్కడేమీ దొరక్క, మిషను మీది గుడ్డ సర్దింది.

"లేదటయ్యా," అంది.